నది మీద సినిమా తీయాలంటే ఒక్క రేవు చాలు

నేను పుట్టింది తెలంగాణలోని చెన్నూరు వైపు, మెట్టింది మహారాష్ట్రలోని సిరొంచలో. నడుమ ప్రాణహిత నది. అప్పటికి వంతెన లేదు కాబట్టి పసుపు బట్టలతో పడవెక్కి ఈ ఒడ్డుకు వచ్చాను. మా ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ధోతీ ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు. ఆ పని నేనూ నేర్చుకున్నాను. పెళ్లిళ్లు తీసే కెమెరాతోనే రెండేళ్లు తిరిగి మా రేవు మీద ఇరవై ఆరు నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. అప్పటి నుంచి అహేరి, ఆలాపల్లి, చెన్నూరు పిల్లలు ఫోన్ చేస్తున్నారు: "అక్కా, మా వాగు మీద మేమూ తీస్తాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను నీళ్లే తీశాను. సూర్యోదయం, సూర్యాస్తమయం, అలల మీద వెలుగు. ఒకరోజు పడవ నడిపే తాత నా పక్కనే కూర్చుని చుట్ట వెలిగించుకుని అడిగాడు: "ఏం తీస్తున్నవ్ బిడ్డా? నీళ్లేనా? నీళ్లు ఏడికి వోయినా నీళ్లే గద." ఆ రాత్రి కంప్యూటర్‌లో ఫుటేజీ అంతా వేసుకుని చూశాను. పదకొండు గంటలుంది. అందులో ఏ ఒక్క షాటూ అది ప్రాణహితే అని చెప్పడం లేదు. కృష్ణ అన్నా నమ్మేలా ఉంది. తాత మాటతోనే నా పని దారిలో పడింది.

రేవును పట్టుకోవడం

నది అనగానే పుట్టిన చోటు నుంచి కలిసే చోటు దాకా తీయాలనిపిస్తుంది. వార్ధా మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుడుతుంది, వైన్‌గంగ సివనీ జిల్లాలో పుడుతుంది. రెండూ కలిశాక ప్రాణహిత అవుతుంది. అక్కడి నుంచి మన కాళేశ్వరం ఎదురుగా గోదావరిలో కలిసేదాకా 113 కిలోమీటర్లే. అయినా అదంతా తిరగాలంటే బండి, డబ్బు, మనుషులు కావాలి. తిరిగినా ప్రతి ఊళ్లో ఒక పూట చుట్టమై పోతారు తప్ప ఎవరూ మనసు విప్పరు.

అందుకే ఒక్క రేవు పట్టుకోండి, ఏడాది పొడవునా అక్కడికే వెళ్లండి. రేవు ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో ఉండాలి, లేకపోతే జ్వరం వచ్చిన రోజు, వాన పడ్డ రోజు మానేస్తారు. సినిమాకు కావలసింది సరిగ్గా ఆ రోజులే. అక్కడ కనీసం మూడు రకాల పనులు జరగాలి. మా రేవులో పడవ, చేపలు, బట్టలుతకడం, ఎండాకాలం ఇసుకలో పుచ్చతోటలు. యాభై ఏళ్ల సంగతులు గుర్తున్న మనిషి ఒక్కరైనా ఉండాలి. వరదలో కూడా మునగని ఎత్తయిన చోటు ఒకటి ఉండాలి.

ఆ ఎత్తయిన చోటు ఎందుకంటే, అక్కడ ఒక బండ మీద ట్రైపాడ్ మూడు కాళ్లు ఆనే చోట పెయింట్‌తో గుర్తులు పెట్టుకోండి. నెలకు రెండుసార్లు, అదే వేళకు, అదే లెన్స్‌తో, అదే ఎత్తులో రెండు నిమిషాలు తీయండి. కెమెరా కదలకూడదు, జూమ్ ముట్టుకోకూడదు. నేను ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు పొద్దున ఆరున్నరకు తీసేదాన్ని. ఏడాదికి ఇరవై నాలుగు ఫ్రేములు. తీసేటప్పుడు విసుగనిపిస్తుంది. వరసగా పేర్చి చూస్తే ఇసుక తిన్నె తేలడం, మునగడం, పడవ కట్టే గుంజ జరుగుతూ పోవడం కళ్ల ముందే కనిపిస్తాయి. నా సినిమాకు వెన్నెముక ఆ ఇరవై నాలుగు ఫ్రేములే.

మొదటి నెల మాత్రం కెమెరా తీసుకుపోకండి. నోట్‌బుక్ చాలు. ఎవరు ఎన్ని గంటలకు వస్తున్నారు, ఎటు నుంచి దిగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఇద్దరి మధ్య మాటలు లేకపోతే ఎవరు ఎవరిని తప్పించుకుని పోతున్నారు, అన్నీ రాసుకోండి. నెల తిరిగేసరికి "ఈ పొద్దు రాలేదేం?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు కెమెరా బయటికి తీయండి.

నదికి మన క్యాలెండర్ పట్టదు

కొత్తగా తీసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. వాన పడితే వరద వస్తుందనుకుంటారు. ప్రాణహిత అలా కాదు. మా దగ్గర ఆకాశం అద్దంలా ఉన్నప్పుడు కూడా రాత్రికి రాత్రి మెట్లు మునుగుతాయి. ఎందుకంటే ఈ నీళ్లు విదర్భవి. భండారా జిల్లాలో వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ డ్యామ్ ఉంది, 33 గేట్లు. పైన వానలు దంచి ఆ గేట్లు లేపితే ఆ నీరు ఇక్కడికి రావలసిందే. దానికి తోడు గోదావరి నిండుగా ఉంటే ప్రాణహిత నీటికి పోయే దారి ఉండదు, నిలబడి వెనక్కి తంతుంది. కాబట్టి వరద తీయాలంటే మన ఊరి మబ్బుల్ని కాదు, పైఊళ్లను అడగాలి. వైన్‌గంగ ఒడ్డున మార్కండా, చామోర్షీ వైపు ఒక ఫోన్ నంబరు పెట్టుకోండి. మన తాలూకాలోనే టేక్డా దగ్గర కేంద్ర జలసంఘం ప్రాణహిత మట్టం కొలుస్తుంది. వాళ్ల వరద సమాచారం వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అది చూసే అలవాటు చేసుకుంటే బ్యాటరీలు ముందే చార్జ్ చేసి పెట్టుకుంటారు.

వరద నడుమలో తీసే షాట్ అందరి దగ్గరా ఉంటుంది. వరద తగ్గిన మర్నాడు తీయండి. ఇంట్లోంచి బురద ఎత్తిపోసే చీపురు, చెట్టు కొమ్మకు చిక్కుకున్న చీర, గోడ మీద మిగిలిన గీత. 2022 జులై వరదలో మా తాలూకాలో ఎన్నో ఊళ్లు మునిగాయి. ఒక ఇంట్లో ఆ గీత దేవుడి పటం కింది అంచు దగ్గర ఆగింది. ఆ ఇంటామె గోడకు సున్నం వేయించినప్పుడల్లా ఆ గీతను వదిలేసి వేయిస్తుంది. నేను మాటలేమీ పెట్టలేదు, కెమెరాను పటం మీది నుంచి మెల్లగా కిందికి దించానంతే.

మిగతా కాలాలు త్వరగా చెప్తాను. జూన్‌లో మొదటి నీరు నురుగు, పుల్లలు, ఎండిన ఆకులు తోసుకుంటూ వస్తుంది. ఆ నీటి అంచు ఇసుక మీద పాకడం ఏడాదికి ఒక్కరోజే దొరుకుతుంది. కార్తీకంలో దీపాలు. చలికాలం పొద్దున మంచు, అందులో పడవ కనిపించక ముందే గడ చప్పుడు వినిపిస్తుంది. శివరాత్రికి కాళేశ్వరం జాతర. పుష్కరాల్లాంటి రద్దీ తీయాలనుకుంటే జనం వెళ్లిపోయిన రోజు కూడా వెళ్లండి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు 13 నుంచి 24 దాకా జరిగాయి. నాకు పనికొచ్చిన షాట్లు 25వ తారీఖువి.

ఇక మా రేవు కథలో పెద్ద మలుపు, కింద గోదావరి మీద ఉన్న మేడిగడ్డ బ్యారేజీ. 85 గేట్లు. 2019 జూన్ 21న ప్రారంభించారు. నీళ్లు ఆపడంతో వెనక జలాలు పైకి ఎక్కి, ఎండాకాలం తేలే ఇసుక మునిగింది. 2023 అక్టోబర్ 21న గేట్లను మోసే స్తంభాలు (పియర్లు) కుంగాక నీళ్లు నిలపడం మానేశారు, ఇసుక మళ్లీ తేలింది. అంటే ఒకే రేవుకు పదేళ్లలో మూడు రూపాలు. నేను కెమెరా పట్టుకునే నాటికి మొదటి రూపం లేదు. దాన్ని ఎక్కడి నుంచి తేవాలి? ఉపగ్రహ చిత్రాల నుంచి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత ఏళ్ల చిత్రాలు చూడొచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతాయి. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు, అయిదు రోజులకొకసారి కొత్త చిత్రం. వానాకాలంలో మబ్బులు అడ్డమొస్తాయి కాబట్టి ఏప్రిల్ నెలవి తీసుకోండి. మూడు వేర్వేరు ఏళ్ల ఏప్రిల్ చిత్రాలు పక్కపక్కన పెడితే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇంకా పాతవి కావాలంటే పెళ్లి ఆల్బమ్‌లు అడగండి. మా స్టూడియో పెట్టెలోనే రేవు మెట్ల మీద నిలబడ్డ జంటల ఫొటోలు ఎన్నో దొరికాయి. వెనక ఇసుక ఎంత దూరముందో చూసుకున్నాం.

చెలిమె దగ్గర రెండు గంటలు

దగ్గర నుంచి తీయడం ఎలాగో ఒక్క ఉదాహరణతో చెప్తాను.

ఏప్రిల్‌లో ఒక అవ్వ ఇసుకలో చెలిమె తీయడానికి వచ్చింది. ఇంటికి నల్లా ఉంది, అయినా పప్పు ఉడకాలంటే చెలిమె నీళ్లే కావాలంటుంది. నీటి అంచుకు నాలుగైదు అడుగుల ఇవతల కూర్చుని చేతులతో ఇసుక తోడింది. మోచేయి లోతుకు వచ్చాక గుంట అడుగున చెమ్మ మెరిసింది. కొబ్బరిచిప్పతో ఆ మురికి నీరు తోడి పక్కన పోసింది. మళ్లీ ఊరింది, మళ్లీ పోసింది. మూడోసారికి నేను టెన్షన్ పడుతున్నాను, ఎండ పైకొస్తోంది. "నింపు అవ్వా" అన్నాను. తల ఎత్తకుండానే అంది: "ఆగు బిడ్డా, తేటపడనీ."

ఆగాం. గుంట గోడ నుంచి ఇసుక రేణువులు ఒక్కొక్కటి జారుతున్నాయి. నీరు పైవైపు నుంచి, నది వచ్చే దిక్కు నుంచే ఊరుతోంది. అడుగున రేణువులు కాసేపు తిరిగి ఒకచోట సర్దుకున్నాయి. ఆ తర్వాత అవ్వ చిప్పను అడుగుకు తగలనీయకుండా, పైపైనే తేల్చి ముంచింది. బిందె మూతికి పాత పంచె గుడ్డ కట్టి ఉంది. చిప్ప, గుడ్డ, నీటి చప్పుడు. బిందె నిండేదాకా నలభై చిప్పలు పట్టాయి. లెక్కపెట్టాను.

ఇలాంటిది తీయాలంటే ఒకసారి దూరం నుంచి మనిషి, ఇసుక, నది మూడూ కనిపించేలా తీయండి. తర్వాత ఇసుక మీద పడుకుని చేతుల దగ్గరికి వెళ్లండి, అక్కడే ఉండిపోండి. పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా కెమెరా ఆపకండి. అయిదు సెకన్లు తీసి ఇటు తిరిగి, అయిదు సెకన్లు తీసి అటు తిరగడం పెళ్లి వీడియోల అలవాటు. దాన్ని వదిలించుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

వెలుతురు సంగతి ఒకటి. ఎండాకాలం ఇసుక తెల్లగా కొడుతుంది, కెమెరా ఆ తెలుపును చూసి ముఖాల్ని నల్లగా చేస్తుంది. వెలుతురు ముఖం మీద కొలిచి బిగించండి. ఒక తెల్ల థర్మాకోల్ షీట్ ఎవరితోనైనా పట్టించండి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒకటో వంతు పెట్టుకుంటే ఇంట్లో లైట్ల కింద తీసినప్పుడు కూడా మిణుకు రాదు. ఎండలో దాన్ని అలాగే ఉంచాలంటే లెన్స్‌కు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. పోలరైజర్ తిప్పితే నీటి మీది మెరుపు తగ్గి అడుగు కనిపిస్తుంది. చెలిమెకు అదే వాడాను. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజు ఫోన్లు వేడెక్కి ఆగిపోతాయి, తడి తువ్వాలు నీడలో పెట్టుకోండి. ఫోన్‌తో తీసినా తప్పు లేదు. మా అవ్వ షాట్లలో సగం ఫోన్‌వే.

చప్పుడు పోతే సినిమా పోయినట్టే

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతారు. నదిలో మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది. మైకుకు ఉండే స్పాంజ్ ఆ గాలికి ఆగదు, బొచ్చు తొడుగు ఉండాలి. కొనలేకపోతే పాత టెడ్డీ బొమ్మ చర్మం కత్తిరించి కుట్టుకోండి, నేను అదే చేశాను. రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి. మాట పెద్దదైనప్పుడు కూడా మీటరు ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఉండేలా చూసుకోండి. చెవులకు హెడ్‌ఫోన్ లేకుండా రికార్డ్ నొక్కకండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పడవ తాత ఒక సాయంత్రం గంటసేపు మాట్లాడాడు. పడవ మునిగిన రాత్రి సంగతి, తమ్ముడు నీళ్లల్లో పోయిన సంగతి. నేను హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. ఇంటికొచ్చి వింటే అంతా గాలి. వారం తర్వాత మళ్లీ అడిగాను, ఓపికగా కూర్చున్నాడు, పడవ గురించి అంతా చెప్పాడు. తమ్ముడి మాట మాత్రం రెండోసారి ఎత్తలేదు. నేనూ అడగలేదు.

షూటింగ్ ముగిసిన ప్రతిసారీ అందరినీ ఊరుకోమని రెండు నిమిషాలు రేవు చప్పుడు ఒక్కటే రికార్డ్ చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య కోత పడ్డ చోట అది పరుస్తారు. వేర్వేరుగా కూడా పట్టుకోండి: గడ ఇసుకకు తగిలే చప్పుడు, విసురు వల నీళ్ల మీద పడే చప్పుడు, బండ మీద బట్ట కొట్టే చప్పుడు, బిందెల తాకిడి. ఎండాకాలం, వానాకాలం రేవు చప్పుళ్లు ఒకటి కావు, ఒకదాని బొమ్మకు ఇంకోదాని చప్పుడు వేస్తే ఒడ్డున ఉండేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

మాట అడగడం

మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "ఈ నది మీకు ఏమిటి?" అని అడిగితే "గంగమ్మ తల్లి" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. చేతిలో పని ఉన్నప్పుడు అడగండి, ఆ పని గురించే అడగండి. "ఈ వల ఎక్కడ చిరిగింది మామా?" అంటే ఏ రాయికి చిక్కింది, ఆ రాయి ఒకప్పుడు ఎక్కడుండేది, నీళ్లు ఆపాక ఆ చోట ఏ చేప తగ్గిందో వరసగా వస్తుంది. వరస కలపడం మరవకండి, కానీ నోటికొచ్చిన వరస కాదు. నేను ఈ ఊరి కోడలిని కాబట్టి మామ, అత్త, బావ అనాలి. చెన్నూరు వైపు ఒడ్డున అదే మనుషులకు బిడ్డనవుతాను. అక్కడ ఆడవాళ్లు ఇంకాస్త ఎక్కువ మాట్లాడారు.

భాష ఇంకో సంగతి. ఇంట్లో తెలుగు, సర్కారు ఆఫీసులో మరాఠీ, సంతలో గోండి, మాడియా. ఎవరి మాట వారిని మాట్లాడనివ్వండి, "తెలుగులో చెప్పు" అని ఆపకండి. భూమి మునిగిన రైతు సాత్‌బారా (భూమి హక్కు) కాగితం చేతిలో పట్టుకుని తలాఠీతో, అంటే ఊరి రెవెన్యూ అధికారితో, ఏమన్నాడో మరాఠీలోనే చెప్తాడు, ఆ కోపం ఆ భాషలోనే ఉంది.

తీసే ముందు ఏం తీస్తున్నారో, ఎక్కడ చూపిస్తారో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, ఆ ఒప్పుకోలు కూడా రికార్డ్ చేయండి. తర్వాత వద్దంటే తీసేయండి. స్నానాల రేవులో ఆడవాళ్లు ఉన్నప్పుడు కెమెరా సంచిలోనే ఉండాలి.

అనుమతులు త్వరగా చెప్తాను. మనది గడ్చిరోలి జిల్లా, పోలీస్ స్టేషన్‌లో ముందే రాసిచ్చి వెళ్లండి. అడవిలో అయితే అటవీ శాఖ, బ్యారేజీ దగ్గర అయితే నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా తీయకండి. డ్రోన్‌కు 2021 నిబంధనలున్నాయి. 250 గ్రాముల లోపు దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. నా మాట అడిగితే డ్రోన్ లేకుండానే తీయండి. పైనుంచి చూస్తే రేవు గీతలా ఉంటుంది, మనుషులు చుక్కలవుతారు. పడవలో మాత్రం లైఫ్ జాకెట్ తప్పనిసరి. కెమెరా బెల్టు మెడకు వేసుకోకండి, నీళ్లల్లో పడితే అదే ఉరి.

కోయడం, చూపించడం

సెకనుకు 100 మెగాబిట్లలో తీస్తే గంటకు 45 జీబీ. ఏ రోజుది ఆ రోజే రెండు హార్డ్ డిస్క్‌లలోకి ఎక్కించండి, రెండూ ఒకే ఇంట్లో పెట్టకండి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. కంప్యూటర్ ముట్టుకునే ముందే మాటలన్నీ కాగితం మీద రాయండి, పనికొచ్చినవి కత్తిరించి నేల మీద పేర్చండి. నేను మా స్టూడియో గచ్చు మీద పేర్చాను. వరస కుదరడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. వ్యాఖ్యానం రాసుకున్నాను, తర్వాత మొత్తం తీసేశాను. అవ్వ, తాత చెప్పగలిగింది నేను చెప్పడమెందుకు?

సబ్‌టైటిల్స్ విషయంలో ఒక తప్పు చేయబోయాను. తెలుగులో, ఇంగ్లిష్‌లో వేసి ముగించబోతుంటే మా అమ్మాయి అడిగింది: "అమ్మా, మా క్లాసోళ్లు ఎట్ల చదువుతరు?" మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. చాలామందికి తెలుగు అక్షరం రాదు. అందుకే మరాఠీ సబ్‌టైటిల్స్ వేశాను. సరిహద్దులో తీసేవాళ్లు ముందే దీనికి సమయం ఉంచుకోండి. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు తర్వాత పంపొచ్చు: ముంబైలో 1990 నుంచి జరిగే అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవం ఉంది, తిరువనంతపురంలో కేరళవాళ్లది ఉంది.

ముందు రేవులో చూపించండి. గుడి గోడకు తెల్ల దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టర్ పెట్టాం. గోండి మాటలు వచ్చినప్పుడు ఒక పిల్ల మరాఠీ అక్షరాలు చదివి, పక్కనున్న వాళ్ల నానమ్మకు తెలుగులో చెప్తోంది. నేను వెనక నోట్‌బుక్ పట్టుకుని చీకట్లో నిలబడ్డాను. అలా నిలబడండి, ఎవరు ఎక్కడ ఏమన్నారో రాసుకోండి. తాత ఒక షాట్ చూసి "గది మా పడవ గాదు" అన్నాడు. నిజమే, వేరే రోజుది అతికించాను, మార్చాను.

సినిమా అయ్యాక చెలిమె అవ్వ నా దగ్గరికి వచ్చింది. "అంత మంచిగనే ఉంది గని, ముళ్లకంప చూపియ్యలేదు" అంది. బిందె నిండగానే నేను కెమెరా ఆపేశాను. ఆ తర్వాత ఆమె చెలిమె మీద ముళ్లకంప కప్పి వెళ్తుందట, మర్నాడు వచ్చేవాళ్లకు నీళ్లు శుభ్రంగా ఉండాలని. "చూసినోళ్లు మేము కుక్కలు తాగిన నీళ్లు తాగుతమనుకుంటరు" అంది. మరుసటి ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లి తీశాను. ఇరవై ఆరు నిమిషాలకు పదకొండు సెకన్లు పెరిగింది.